జంటగా రమ్మన్న డాక్టరమ్మ

గృహప్రవేశం భోజనాల్లో రెండో బంతి నడుస్తుండగా డాక్టరమ్మ మేడమెట్ల మీద నిలబడి ఆ ప్రశ్న అడిగింది.

హిమాయత్ సాగర్ వైపు, ఔటర్ రింగు రోడ్డు దిగగానే వచ్చే పల్లె అది. రోడ్డుకు పోగా మిగిలిన భూమిలో కొంత అమ్మి అంజయ్య రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. అంజయ్య అన్నది అతని అసలు పేరు కాదు. అతని భార్యను మణెమ్మ అంటాను, అదీ అసలు పేరు కాదు. ఆ రోజు మణెమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించింది. కింద హాలు, వంటిల్లు, దేవుడి గది, పెద్దకొడుకు కోడళ్ళ పడకగది. పైన పెళ్ళికాని చిన్నకొడుక్కి ఒక గది, దాని పక్కన చుట్టాలు వస్తే ఉండటానికి ఇంకొకటి. డాక్టరమ్మ ప్రతి తలుపూ మూసి, తెరిచి చూసింది. మెట్లు సగం దిగి ఆగి, కింద షామియానాలో బకెట్టు పట్టుకుని పప్పుచారు పోస్తున్న అంజయ్యను పిలిచింది.

"ఇల్లు బాగుంది అంజయ్యా. మీరిద్దరూ ఎక్కడ పడుకుంటారు?"

అంజయ్య నవ్వాడు. "మాకేంది డాక్టరమ్మా. ఆమె మనవరాలితోని హాల్ల పండుకుంటది. నాకు ట్రాక్టర్ షెడ్డు ఉండనే ఉన్నది."

"నేనడిగింది అది కాదు. ఇద్దరూ కలిసి ఎక్కడ పడుకుంటారని."

బంతిలో చేతులు ఆగాయి. మామూలుగా మా వైపు మాట మాటకూ అడ్డం వచ్చే విమానం కూడా ఆ నిమిషంలో రాలేదు. అంజయ్యకు బావ వరసయ్యే మనిషొకడు విస్తరి ముందు నుంచే, "ఏం బావా, ఇంటితోపాటు ఇంకో ముహూర్తం గూడ పెట్టియ్యాల్నా?" అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఇంకా పెద్ద నవ్వు వచ్చింది. మణెమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. అంజయ్య బకెట్టు కింద పెట్టి, తన ఇంటి గేటు తీసుకుని తనే బయటికి నడిచాడు. పెద్దకొడుకు వచ్చి, చేతులు జోడించే, "అమ్మా, మీరు జర ఇంటికి పోండ్రి. మా అమ్మనాయన పండుకునుడు, లేచుడు మీకెందుకు?" అన్నాడు.

ఆవిడ బస్సులో వచ్చింది. నేనే కారులో దింపాల్సి వచ్చింది. సగం దారి దాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. తప్పు తెలుసుకుంటోందేమో అనుకున్నాను. ఎయిర్‌పోర్టు రోడ్డు ఎక్కాక అంది: "ఆ చుట్టాల గది వాళ్ళకిచ్చేస్తే సరిపోతుందండీ. కిటికీ ఉత్తరం వైపు ఉంది. గాలి బాగా వస్తుంది."

ఈ ఏడాది వానాకాలం మొదట్లో ఆవిడ పోయింది. మా పత్రికలో చిన్న వార్త వేశారు. ప్రముఖ స్త్రీల వైద్యురాలు అన్నారు, పేదల పెన్నిధి అన్నారు, సౌమ్యురాలు అని కూడా అన్నారు. ఆవిడే చదివి ఉంటే తెల్లారకముందే నాకు ఫోన్ చేసి, ఆ చివరి మాట ఎవరు రాశారని నిలదీసి ఉండేది. సౌమ్యత ఆవిడలో నేనెన్నడూ చూడలేదు. ఆవిడతో వేగడం నా ఉద్యోగంలో ఒక భాగమైపోయిన రోజులున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

విమానాశ్రయం వచ్చిన ఏడాదే ఆవిడా శంషాబాద్ వచ్చింది. కృష్ణాజిల్లా మనిషి. బస్టాండుకు దగ్గర్లో కింది భాగంలో క్లినిక్కు, పై భాగంలో కాపురం. ఆడవాళ్ళ డాక్టరే అయినా షుగరు, బీపీ, జ్వరం, అన్నీ చూసేది. పేషెంటుకూ పేషెంటుకూ మధ్య పుట్నాలు నమిలేది. ఎదుటివాళ్ళకూ గుప్పెడు పెట్టేది. పుట్నాలు నోట్లో వేసుకున్న మనిషి వెంటనే అబద్ధం చెప్పలేడని ఆవిడ సిద్ధాంతం.

ఆవిడ బల్ల ముందు కుర్చీ ఉండేది కాదు. రెండు స్టూళ్ళు, ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. నలభై అయిదు దాటిన మనిషి ఎవరొచ్చినా, వచ్చింది మోకాళ్ళ నొప్పికైనా నిద్ర పట్టకైనా, రెండో మనిషి ఏడీ అని అడిగేది. ఆడమనిషి ఒక్కతే వస్తే, "ఒక చెయ్యి తీసుకొచ్చి చప్పట్లు కొట్టమంటావేమమ్మా" అనేది. మగవాడు ఒక్కడే వస్తే చప్పట్ల మాట కూడా ఉండదు. ముందు బీపీ పట్టీ చుట్టేది. అది బిగిశాక అడిగేది, "ఇద్దరూ కలిసి ఉంటున్నారా?" అని. చేతికి పట్టీ చుట్టి ఉన్న మనిషి లేచి పోలేడు. అది తెలిసే చుట్టేదని నా అనుమానం. ఒకసారి అడిగేశాను. "ఆ ప్రశ్నకి బీపీ ఎంత పెరుగుతుందో కూడా తెలియాలి కదండీ" అంది.

గొంతు తగ్గించడం ఆవిడకు రాదు. లోపలి గదికీ మేం కూర్చునే వరండాకీ మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్ చెక్క. లోపల ఎవరి సంసారం ఎట్లా ఉందో బయట వరసలో ఉన్నవాళ్ళందరికీ తెలిసేది. మధ్యలో విమానం నెత్తి మీద నుంచి పోతే ఆవిడ ఆగి, అది పోయాక మొదటి నుంచి మళ్ళీ అడిగేది, ఈసారి ఇంకాస్త గట్టిగా. వినపడలేదని తప్పించుకోబోయి, ఆ ప్రశ్నను రెండోసారి ఊరందరికీ వినిపించిన మగవాళ్ళను నేను చాలామందిని చూశాను. కొంచెం మెల్లగా అడగరాదా అంటే, "మెల్లగా అడిగితే తప్పు పని అనుకుంటారు" అనేది. ఆ మాట సబబుగానే తోచేది. అయినా చిరాకు తగ్గేది కాదు.

ఒక ముసలాయన ఎదురు తిరిగాడు. "అందర్ని అడుగుతవు గద డాక్టరమ్మా, మీ ఇంట్ల ఎట్ల?" అన్నాడు. వరండా మొత్తం చెవులు రిక్కించింది. ఆవిడ, అదే గొంతుతో, "మా ఆయనకి గుండె ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు భయపడ్డాం. తర్వాత గుండె డాక్టర్ని అడిగి మానేశాం" అంది. ఆయన పాపం అన్నట్టు తల ఊపాడు. "భయపడటం మానేశాం" అంది ఆవిడ.

మేడ మీద ఆమె భర్త, బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, ఇలాంటివన్నీ వింటూనే ఉండేవాడు. ఎదురుపడితే నన్ను చూసి, ఎండలెక్కువగా ఉన్నాయండీ అనేవాడు, వానాకాలంలో కూడా.

ఆవిడ ఎందుకింత పట్టుపట్టేదో మొదట్లో నాకు అర్థం కాలేదు. మా వైపు పల్లెల్లో ఆడపిల్లలకు ఇరవై దాటకముందే పెళ్ళిళ్ళు అవుతాయి. నలభై దాటేసరికి ఇంట్లోకి కోడలు వస్తుంది. కోడలు కాపురానికి వచ్చిన ఇంట్లో అత్త తలుపు వేసుకోకూడదు. ఇది ఎవరూ చెప్పిన నియమం కాదు, తప్పినవాళ్ళను మాత్రం నేను చూడలేదు. మనవడో మనవరాలో పుట్టగానే ఆడమనిషి పక్క పిల్లల దగ్గరికి చేరుతుంది, మగమనిషి మంచం వాకిట్లోకో కొట్టంలోకో పోతుంది. అప్పటికి ఇద్దరి వయసూ కలిపినా వంద ఉండదు. ఒకే గది ఉన్న ఇళ్ళలో అది అవసరమే అయి ఉంటుంది. ఇప్పుడు భూములకు ధరలొచ్చి ఇళ్ళు పెరిగాయి, గదులు పెరిగాయి. కొడుకులకు గది, దేవుడికి గది, చుట్టాలకు గది. కట్టినవాళ్ళకే గది లేదు.

"ఆకలి రుచెరుగదు, వలపు సిగ్గెరుగదు అంటారు కదండీ, మీ వైపు సిగ్గే వలపునెరగదు" అనేది ఆవిడ. "నలభై ఆరేళ్ళ మనిషికి పెన్షన్ ఇచ్చేశారు."

ఈ సంగతి కనిపెట్టినప్పటి నుంచి మందుల కంటే ముందు ఇంటి సంగతి అడగడం మొదలుపెట్టింది. తలుపున్న గది ఉందా, ఆ తలుపుకి లోపలి నుంచి గడియ ఉందా అని. లేదంటే మందుల చీటీ మీద పైన గడియ అని రాసి, కింద మాత్రలు రాసేది. బజార్లో ఇనుప సామాన్ల దుకాణం వాళ్ళు గడియ కొనడానికి వచ్చిన ప్రతి నడివయసు మనిషినీ డాక్టరమ్మ దవాయా అని ఆటపట్టించేవాళ్ళు. పెళ్ళీడు పిల్ల గదికి గడియ కొనబోయినవాడు కూడా పరేషానయ్యేవాడు. దాంతో కొందరు గడియలు కొనడానికి షాద్‌నగర్ పోవడం మొదలుపెట్టారని కూడా విన్నాను. ఈ మాట ఆవిడకు చెబితే, పోనీండి, కొంటున్నారు కదా అంది.

నాకు ఆవిడతో పీకల మీదికి వచ్చింది మాత్రం రాతల దగ్గర. మా జిల్లా పేజీలో వారానికోసారి ఆరోగ్యం గురించి ఒక వ్యాసం వేసేవాళ్ళం. ఆవిడను రాయమన్నది నేనే. రాసింది. ముట్లు ఆగాక లోపల పొడిబారుతుందని, కలిసినప్పుడు మంట పుడుతుందని, దానికి పూతమందులున్నాయని, ఓర్చుకోవలసిన పనిలేదని రాసింది. షుగరున్న మగవాళ్ళకు పట్టు సడలవచ్చని, అది మగతనం పోవడం కాదని, నరాలకూ రక్తనాళాలకూ సంబంధించిన సంగతని, దాచుకోకుండా డాక్టరుకు చెబితే దారి ఉంటుందని రాసింది. ఎక్కడా చాటుమాట లేదు. డెస్కులో నా పైవాళ్ళు అది చదివి ఇబ్బందిపడ్డారు. అచ్చయ్యేసరికి అందులో మిగిలింది, నడివయసులో దంపతులు ఒకరినొకరు అర్థం చేసుకోవాలి, మనసు విప్పి మాట్లాడుకోవాలి అన్న రెండు ముక్కలు. పక్కన రెండు హంసల బొమ్మ.

పేపరు పట్టుకుని ఆవిడ మా ఆఫీసుకే వచ్చింది. "నేను మంట గురించి రాస్తే మీరు పెళ్ళి శుభలేఖ అచ్చేశారు" అంది, అందరూ వినేటట్టు. తర్వాతి వారం ఆ వ్యాసం చదివి ఆవిడ క్లినిక్కుకు ఒక జంట నిజంగానే వచ్చిందట. మనసు విప్పి మాట్లాడుకోవడానికి కూర్చుని, అన్నదమ్ముల మధ్య పొలం పంపకాల తగవు విప్పారట. అది తీర్చమని అడిగారట. ఆ జంటను పంపినందుకు కూడా నన్నే అంది.

నాకు షుగరుంది. ఆ సంగతి ఆవిడకు తెలిసిన రోజు నుంచి, మీ ఆవిడను తీసుకురండి అని మొదలుపెట్టింది. నేను కొన్నాళ్ళు వేరే డాక్టరు దగ్గరికి పోయాను. ఈలోగా మా ఆవిడ మోకాళ్ళ నొప్పికి తనంతట తనే ఆవిడ దగ్గరికి వెళితే, ఆయనేడీ అని తిప్పి పంపింది. మా ఆవిడ ఇంటికొచ్చి, "మీ సిగ్గు మూలంగా నాకు మోకాళ్ళ మందు కూడా లేకుండా పోయింది" అని దెప్పింది. చివరికి ఇద్దరం వెళ్ళి ఆ స్టూళ్ళ మీద కూర్చున్నాం. అంతవరకే చెబుతాను.

ఒకసారి డాక్టరమ్మా నేనూ షాద్‌నగర్ నుంచి తిరిగి వస్తున్నాం, అక్కడి మహిళా సంఘం పిలిస్తే మాట్లాడటానికి వెళ్ళింది. హైవే పక్కన గుడారాలుంటాయి. సీసాల్లో వేళ్ళు, నూనెలు, మగవాళ్ళకు మాత్రమే అని బోర్డు. కారు ఆపమంది. వద్దన్నా దిగింది. గుడారంలోని మనిషిని, ఇందులో ఏం కలుపుతావు, బీపీ మందులు వాడేవాడికి ఇది ఇస్తే ఏమవుతుందో తెలుసా, ఎవరి భార్యను అడిగి ఇస్తున్నావని వరసపెట్టి నిలదీసింది. వాడు ఓపిగ్గా విన్నాడు. "అమ్మా, మా తాన మొగోడు ఒక్కడే వస్తడు. మేము ఏం అడగం. గందుకే వస్తడు" అన్నాడు.

తిరిగి కారెక్కింది. "వాడి మందు అబద్ధం గానీ ఆ మాట నిజమేనండీ" అంది. నిజమని ఒప్పుకుంది కదా, ఇక కొంచెం మారుతుందనుకున్నాను. మర్నాడు ఒంటరిగా వచ్చిన ఎవరినో మామూలుగానే తిప్పి పంపింది.

ఇప్పుడు అంజయ్య, మణెమ్మల సంగతి. ఇది నాకు తెలిసింది గృహప్రవేశం తర్వాత, కొంత ఆ ప్లైవుడ్ చెక్క ఇవతల కూర్చున్నందువల్ల, కొంత అంజయ్య చెప్పినందువల్ల.

అప్పటికి ఆరేళ్ళ కిందట మణెమ్మకు గర్భసంచి తీసేశారు. మా పల్లెల్లో నలభై చుట్టుపక్కల ఆడవాళ్ళకు అది తీయించడం పళ్ళు పీకించుకున్నంత మామూలైపోయింది. ఇంటికి పంపేటప్పుడు నర్సింగ్ హోమ్‌లో నర్సు బరువులు ఎత్తొద్దని, మూడు నెలలు మొగుడికి దూరంగా ఉండమని చెప్పింది. అంజయ్య మంచం షెడ్డులోకి మారింది. మూడు నెలలు అయ్యాయి. అయ్యాయని ఎవరూ చెప్పలేదు. ఇక భయం లేదని చెప్పేది డాక్టరే కదా, డాక్టరు చెప్పలేదు కదా అని అతను ఆగాడు. లోపల కుట్లున్నాయి, తాకితే విప్పుకుంటాయి, మనిషి దక్కదు అని అతని భయం. ఆమె ఇంకోలా అనుకుంది. ఈలోపు కోడలొచ్చింది, మనవరాలు పుట్టింది, ఇక ఆ మంచం షెడ్డులో ఉండటం ఎవరికీ వింతగా తోచలేదు.

వరండాలో ఎవరూ లేని ఒక వేళ, బీపీ పట్టీ బిగించినప్పుడు అంజయ్య ఈ భయం డాక్టరమ్మకు చెప్పుకున్నాడు. కుట్లు ఎప్పుడో మానాయని, ఏ అడ్డూ లేదని ఆవిడ అక్కడికక్కడే చెప్పింది. అతను ఊపిరి పీల్చుకుని, అయితే ఆ ముచ్చట ఆమెకు మీరే చెప్పుండ్రి అన్నాడు. ఆవిడ చెప్పనంది. ఒకరి మాట ఇంకొకరికి మోయను, ఇద్దరూ వచ్చి కూర్చోండి, నీ నోటితో నువ్వే చెప్పు అంది. కొన్నాళ్ళకు మణెమ్మ నిద్ర పట్టడంలేదని వచ్చింది. ఆమెకూ అదే మాట, ఆయన్ని తీసుకురా అని. ఒక్క వాక్యం. ఆవిడ నాలుక చివర ఉన్న ఒక్క వాక్యం ఆ రోజు ఆమెకు చెప్పి ఉంటే చాలు. నియమం నియమమే అని చెప్పలేదు. నెలలు గడిచాయి. ఇల్లు లేచింది. గదులు పంచుకున్నారు. అది చూసి తట్టుకోలేక, చాటున చెప్పాల్సినదాన్ని చెప్పకుండా ఆపుకున్న మనిషే, చాటున అడగాల్సినదాన్ని పదిమందిలో అడిగింది.

గృహప్రవేశమైన తర్వాతి వారం మణెమ్మ క్లినిక్కుకు వచ్చింది. ఒక్కతే వచ్చింది. ఆమెను చూడగానే వరండాలో ఇద్దరు ముసిముసిగా నవ్వుకున్నారు. నేను మాత్రల కోసం వచ్చి కూర్చుని ఉన్నాను. లోపలికి పోయాక ఆమె కూర్చోలేదు. గొంతు నిలబడి మాట్లాడుతున్న మనిషి గొంతే.

"అడిగిన మాట మంచిదే డాక్టరమ్మా. అడిగిన జాగనే మంచిగ లేదు" అంది. "ఆరేండ్ల సంది ఆయన నా దిక్కు సూస్తలేడు. సంచి తీసేసినంక ఇగ ఈమెతోని ఏముంటది అనుకున్నడు. అది నేను లోపట్నే మింగి బతుకుతున్న. నువ్వు పదిమందిల కక్కించినవు."

డాక్టరమ్మ కుర్చీ జరిగిన చప్పుడైంది. నాకు తెలిసి ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడింది ఆ ఒక్కసారే. అయినా వినిపించింది.

"ఆయన అనుకున్నది అది కాదమ్మా. నిన్ను తాకితే కుట్లు విప్పుకుంటాయనుకున్నాడు. నువ్వు దక్కవేమోనని భయపడ్డాడు. భయం లేదని నేను చెప్పాను. నీకు చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. నేనైనా చెప్పి ఉండాల్సింది."

తర్వాత మణెమ్మ గొంతు. "నా కుట్ల కోసమా? ఎండకాలం, సలికాలం, ఆ రేకుల షెడ్డుల... నా కుట్ల కోసమే పండుకున్నడా?" ఇంకాసేపటికి, "పిచ్చి మనిషి" అంది. ఏడుస్తూ అందో నవ్వుతూ అందో చెక్క ఇవతల నుంచి తెలియలేదు. వరండాలో నవ్వుకున్న ఇద్దరూ కింద నేల వైపు చూస్తున్నారు.

ఆయన్ని తీసుకురా, ఇద్దరితో మాట్లాడతాను అంది డాక్టరమ్మ. ఇక రాడని చెప్పి మణెమ్మ వెళ్ళిపోయింది.

నిజంగానే రాలేదు. బీపీ మాత్రల కోసం కూడా ఆ తర్వాత రాజేంద్రనగర్ పోయేవాడు. డాక్టరమ్మ అతని పొలానికి వెళితే ట్రాక్టరు దిగకుండానే వెనక్కి తిప్పుకుని పోయాడట. అవి ఉద్యమం రోజులు. ఆంధ్రా డాక్టరమ్మకు మా ఇంట్ల పంచాయితీ ఏందని పెద్దకొడుకు పదిమందిలో అన్నాడని కూడా తెలిసింది. ఆ మాటకు ఆవిడ బాధపడలేదు. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడా లేదా అన్నదే ఆవిడ బాధ. చివరికి నా మీద పడింది. మగవాడితో మగవాడే మాట్లాడాలి, మీరు వెళ్ళండి అంది. పత్రికలో పనిచేసేవాడికి ఇది పని కాదంటే, హంసల బొమ్మ వేసినవాళ్ళకి ఆ మాత్రం బాధ్యత ఉండదా అంది.

వెళ్ళాను. షెడ్డులో ట్రాక్టరు పక్కన మంచం మీద ఇద్దరం కూర్చున్నాం. భూముల ధరలు మాట్లాడుకున్నాం. బోర్లు మాట్లాడుకున్నాం. రాష్ట్రం వస్తదా రాదా అన్నదీ తేల్చేశాం. నేను ఇక లేవబోతుంటే అతనే అందుకున్నాడు.

"నిన్ను ఆమెనే తోలిందని ఎరుకే సారూ. నాకు తెల్సింది, మా ఆమెకు తెల్సింది. ఇద్దరికి తెల్సినంక ఇగ డాక్టరెందుకు? కాని ఊరికి గూడ తెల్సింది. గదే పరేషాన్."

"ఊరి సంగతి వదిలెయ్, పైన గది ఉందిగా" అన్నాను.

"పోవుడు పెద్ద ముచ్చట కాదు" అన్నాడు అంజయ్య. "పొద్దుగాల ఎల్లొచ్చుడే. నేను మెట్లు దిగేటాలకు వాకిట్ల కోడలు ముగ్గేస్తుంటది. ఆ దినం అందరు నవ్విండ్రా, ఇప్పుడు నేను మెట్లు దిగితే ఆ నవ్వు నిజమైతది."

ఈ మాట చేరవేస్తే డాక్టరమ్మ అరగంట సేపు కోడళ్ళ మీద, ముగ్గుల మీద, ఊళ్ళ మీద విరుచుకుపడింది. తన మీద తను ఎంత పడిందో నాకు తెలియదు. అది బయటికి కనబరిచే మనిషి కాదు.

తర్వాతి వానాకాలం అంజయ్య మిగిలిన చేనులో మక్కజొన్న వేశాడు. అడవిపందులు పాడుచేస్తున్నాయని చేను దగ్గర గుడిసె వేసుకుని కాపలాకు పోయాడు. మణెమ్మ కూడా పోయింది. ఒక్కడికి వంట ఎట్లా, పాములుంటాయి, తోడుండాలి అని కోడలికి చెప్పి పోయిందట. ఊళ్ళో ఎవరూ నవ్వలేదు. పందుల కాపలాకు పోయినవాళ్ళను చూసి ఎవరు నవ్వుతారు? మక్కలు కోశాక ఇద్దరూ ఇంటికి తిరిగొచ్చారు. ఆమె హాల్లోకి, అతను షెడ్డులోకి. మరుసటి ఏడాది మక్కకు ధర లేదని ఊళ్ళో అంతా ఇంకో పంటకు మారితే అంజయ్య మాత్రం మళ్ళీ మక్కే వేశాడు. ఎందుకురా అంటే, మా నేలకు అదే మంచిగొస్తది అన్నాడట.

నేను ఈ సంగతి మామూలు వార్త చెప్పినట్టు డాక్టరమ్మకు చెప్పాను. పుట్నాలు నమలడం ఆపింది.

"పందుల కాపలాకి ఇద్దరెందుకండీ?" అంది.

"నాకేం తెలుసు" అన్నాను. ఆ తర్వాతి మాట నాకు ముందే తెలుసనుకున్నాను. వెళ్ళి కనుక్కోండి అంటుంది. ఈసారి ఏమైనా సరే పోనని చెప్పడానికి సిద్ధపడ్డాను కూడా.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. విమానం ఒకటి పోయింది. మామూలుగా అది పోయాక మొదటి నుంచి మళ్ళీ అడిగే మనిషి.

"వద్దు. ఎవరూ ఏమీ అడక్కండి" అంది. "అడిగితే మళ్ళీ షెడ్డుకి పోతాడు."

ఆరేళ్ళుగా ఆవిడను ఎరిగిన నాకు ఆవిడ నోట ఆ మాట రావడం ఎంత వింతో మాటల్లో చెప్పలేను. అప్పటి నుంచి వాళ్ళ ప్రస్తావన తేలేదు. మక్క చేల వైపు కారు పోతుంటే మాత్రం తల తిప్పి చూసేది. నాకు చిరాకేసేది, అంత చూసేబదులు దిగి అడిగితే పోదా అని. అన్నాళ్ళూ అడగొద్దని విసుక్కున్నదీ ఇప్పుడు అడగమంటున్నదీ నేనేనని అప్పుడు నాకు తోచలేదు. ఆ చేనులో, ఆ గుడిసెలో ఏం మాటలు జరిగాయో, అసలు జరిగాయో లేదో తెలియకుండానే ఆవిడ పోయింది. అంజయ్య, మణెమ్మ జంటగా ఆవిడ దగ్గరికి ఎన్నడూ రాలేదు. క్లినిక్కు కిరాయికి ఉందని ఇప్పుడు బోర్డు పెట్టారు.

ఇది రాయడానికి ముందు, మణెమ్మకు ఆపరేషన్ చేసిన నర్సింగ్ హోమ్‌కు వెళ్ళాను. డాక్టర్లు మారారు, నర్సులు మారారు. గర్భసంచి తీసినవాళ్ళను ఇంటికి పంపేటప్పుడు ఏం చెబుతారని అడిగాను. బరువులు ఎత్తొద్దని, మూడు నెలలు భర్తకు దూరంగా ఉండమని చెబుతామంది నర్సు. చిన్న వయసు, మర్యాద గల పిల్ల.

"ఆ తర్వాత?"

"తర్వాత ఇగ మామూలే గద సార్."

"మామూలే అన్న మాట వాళ్ళకు చెబుతారా?"

"అడిగితే చెప్తం."

ఇంతవరకు ఎవరైనా అడిగారా అన్నాను. ఆమె నిజాయితీగా కాసేపు ఆలోచించి, లేదంది. ఆ ఉదయం ఇద్దరు ఆడవాళ్ళను ఇంటికి పంపారు. ఒకామెకు నలభై ఒక్క ఏళ్ళు. ఆమెను తీసుకుపోవడానికి వచ్చిన భర్త, మందులెప్పుడు వెయ్యాలో మాత్రమే అడిగి తెలుసుకుని వెళ్ళాడు.